సీలు కంటే ముందు బుష్షు: పాత కార్ల స్టీరింగ్ బాక్సు లీకుపై ఒక సమీక్ష

పాత కార్లవాళ్లు నలుగురు ఒకచోట చేరితే స్టీరింగ్ బాక్సు లీకు మీద నాలుగు రకాల సలహాలు వినిపిస్తాయి. సీలు మార్చెయ్యమని ఒకరంటారు. ఆయిల్ తీసేసి గ్రీజు కొట్టమని ఇంకొకరు. కారితే కారనీ, తగ్గినప్పుడల్లా పోసుకుంటే చాలు కదా అని మూడో ఆయన. ఇంత తంటా ఎందుకు, పవర్ స్టీరింగ్ పెట్టించెయ్యమని నాలుగో ఆయన. ఎవరూ గాలిలో మాట్లాడరు, ప్రతివాళ్లకూ తమ బండి అనుభవం ఉంటుంది. తేడా వచ్చేదల్లా ఒకరి బండి రోగానికి పని చేసిన మందును ఇంకొకరి బండికి వాడినప్పుడే. నాలుగు సలహాల్లో ఏది ఎక్కడ చెల్లుతుందో, ఏది ప్రమాదమో తేల్చుకోవాలంటే ముందు ఆ ఇనుప పెట్టెలో ఏం జరుగుతోందో చూడాలి.

ఏ బండ్ల సంగతో మొదట చెప్పాలి. అంబాసిడర్ యజమానులు కూడా అలవాటుగా స్టీరింగ్ బాక్సు అంటుంటారు గానీ, ఆ బండికి ఉన్నది ర్యాక్ అండ్ పీనియన్. దాని మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన వారసత్వమది. అక్కడ ఆయిల్ కారిందంటే చాలాసార్లు చివర్ల ఉన్న రబ్బరు బూటు చిరిగిందని అర్థం. బూటు, క్లిప్పులు మార్చి, ర్యాక్‌లో మళ్లీ ఆయిల్ పోస్తే పనైపోతుంది. అసలు బాక్సు ఉన్నవి వేరే. ఫియట్ 1100 నుంచి పుట్టి, 1974లో పేరు మార్చుకున్న ప్రీమియర్ పద్మినిలో వార్మ్-రోలర్ బాక్సు ఉంది. విల్లీస్ జీపులోనూ, 1940ల చివరి నుంచి మహీంద్రా మన దేశంలో కట్టిన దాని తొలి వారసుల్లోనూ అమెరికాలోని ఇండియానా రాష్ట్రం లాఫాయెట్‌కు చెందిన రాస్ కంపెనీ రూపొందించిన కామ్-లివర్ బాక్సు ఉంది. బయటి దేశాల్లో ట్రయంఫ్ టీఆర్3, ఆస్టిన్-హీలీ, సిరీస్ ల్యాండ్ రోవర్ల వాళ్లు ఏళ్ల తరబడి తలపట్టుకునేది కూడా ఈ జాతి బాక్సులతోనే.

లోపలి నిర్మాణం కష్టమైందేమీ కాదు. స్టీరింగ్ చక్రం నుంచి వచ్చే కడ్డీ చివర మరలాంటి గాడి తిరిగిన వార్మ్ ఉంటుంది. దానికి రెండు పక్కలా బేరింగులు. ఆ గాడిలో ఒక రోలరో, జీపులోనైతే లివర్‌కు బిగించిన రెండు పిన్నులో కూర్చుని ఉంటాయి. వార్మ్ తిరిగితే రోలర్ పక్కకు జరుగుతుంది, దాన్ని మోస్తున్న అడ్డ షాఫ్టు కొద్దిగా తిరుగుతుంది. ఆ షాఫ్టు బాక్సులోంచి బయటికొచ్చే చోటే డ్రాప్ ఆర్మ్ ఉంటుంది. మన మెకానిక్కులు పిట్‌మెన్ ఆర్మ్ అనేదీ దాన్నే. చక్రాలను తిప్పే బలమంతా ఆ ఒక్క షాఫ్టు గుండా పోతుంది. గుంతలో పడ్డ టైరు తిరిగి కొట్టే దెబ్బ కూడా ఆ షాఫ్టు మీదే పడుతుంది. దాన్ని పట్టుకునేది ఒకటో రెండో కంచు బుష్షులు. వాటికి బయటివైపున, ఆయిల్‌కు చివరి కాపలాగా, ఒక సీలు.

మరచిపోకూడని సంగతి ఒకటుంది: మామూలు స్టీరింగ్ బాక్సులో ఒత్తిడి అనేదే లేదు. ఇంజన్‌లో లాగా ఆయిల్ పంపు లేదు. పవర్ స్టీరింగ్‌లో చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లకు పైగా ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడ సీలు బలహీనపడితే ఆయిల్ చిమ్ముతుంది. ఇక్కడ ఆయిల్ కేవలం తన బరువుతో దిగుతుంది. అంత చిన్న బలాన్ని ఓ మోస్తరు సీలు కూడా ఆపగలదు. అయినా కారుతోందంటే సీలు ముసలిదై ఉండాలి, లేదా సీలు చేయలేని పని దాని నెత్తిన పడి ఉండాలి. రెండోదే ఎక్కువ.

వేడి సంగతి కూడా చూడాలి. బాక్సులో పైన కొంత గాలి ఉంటుంది. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ దగ్గర్లో ఉన్న బాక్సు 30 డిగ్రీల నుంచి 90కి వేడెక్కితే ఆ గాలి దాదాపు 20 శాతం వ్యాకోచిస్తుంది. పోవడానికి దారి లేకపోతే అది ఆయిల్‌ను సీలు మీదికి నెడుతుంది. కొన్ని బాక్సుల్లో పోసే మూతకే సన్నని రంధ్రం ఉంటుంది. రంగులు వేసినప్పుడో, దుమ్ము పట్టో అది మూసుకుపోతుంది. ఒక సన్నని తీగతో దాన్ని తెరిస్తేనే లీకు తగ్గిన బండ్లు ఉన్నాయి. నిండా పోసినా ఇదే తంటా. లెవెల్ ప్లగ్గు దాకా పోయమంటే అంతవరకే పోయాలి. మూత నిండేదాకా పోసినవాళ్లు మిగిలిన ఆయిల్‌ను నేల మీద చూసుకుంటారు.

ఇక అసలు పని, లీకు ఎక్కడో పట్టుకోవడం. చెయ్యవలసినవాటిలో అతి చవకైనదీ, అందరూ దాటేసేదీ ఇదే. బాక్సు అడుగున ఆయిల్ బొట్టు కనిపించింది కదా అని అడుగు సీలును తప్పు పట్టడానికి లేదు. పైమూత దగ్గర ఊరిన ఆయిల్ కూడా ఒళ్లంతా పాకి అడుగునే బొట్టు కడుతుంది. బాక్సును కిరసనాయిలుతో, బ్రష్షుతో ఇనుము రంగు కనిపించేదాకా కడగాలి. ఆరిన తర్వాత టాల్కం పౌడరో, మెత్తటి సుద్దపొడో పల్చగా చల్లాలి. ముందు చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, ఇంకొకరు టార్చి పట్టుకుని చూడాలి. తెల్ల పొడి మీద తడి మచ్చ పుట్టిన చోటే లీకు. ఆడిస్తుండగానే డ్రాప్ ఆర్మ్ పైన, షాఫ్టు బయటికొచ్చే చోట బొటనవేలి గోరు సగం షాఫ్టు మీద, సగం బాక్సు మీద ఉండేలా ఆనించి పెట్టాలి. షాఫ్టు తిరగడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు. గోటి కింద అది పక్కకు తన్నుతున్నట్టు తెలిసిందా, బుష్షు పోయింది. ఆ మాట తేలాక ఒక్క సీలు మార్చడం డబ్బు దండగ.

ఈ ఒక్క పరీక్ష చెయ్యకపోవడం వల్లనే ఒకే బండికి మళ్లీ మళ్లీ సీళ్లు మారుస్తుంటారు. కొత్త సీలు పెదవి మెత్తగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు షాఫ్టు ఊగులాటను వెంబడిస్తుంది. తర్వాత ఒక పక్క నలిగి అరిగిపోతుంది. యజమాని సీలు నాసిరకమని తిట్టుకుంటాడు. సీలు తప్పేమీ లేదు. ఆయిల్ సీలు బేరింగు కాదు, షాఫ్టును పట్టి నిలపడం దాని పని కాదు.

లీకు చోట్లలో అడ్డ షాఫ్టు తర్వాత ఎక్కువగా మోసం చేసేది హారన్ తీగ దారి. చాలా పాత బండ్లలో హారన్ బటన్ స్టీరింగ్ చక్రం నడిమధ్యన ఉంటుంది. దాని తీగ బోలుగా ఉన్న స్టీరింగ్ కడ్డీలోని సన్నని గొట్టం గుండా దిగి, బాక్సు అవతలి చివర బయటికొస్తుంది. టీఆర్3, ఆస్టిన్-హీలీల్లో ఇండికేటర్ తీగలు కూడా ఆ సన్నని గొట్టంలోంచే వస్తాయి. గొట్టం బాక్సులోంచి బయటపడే చోట ఇత్తడి ఉంగరం, దాని మీద నట్టు. ఆ ఉంగరం ఒకసారి నలిగిందంటే ఎంత బిగించినా మళ్లీ పట్టదు. అక్కడ ఆయిల్ తీగ వెంబడే పాకి ఎక్కడో దూరాన బొట్టు కడుతుంది. కొత్త ఉంగరం వేస్తే సరిపోయేదానికి బాక్సంతా విప్పినవాళ్లున్నారు. నట్టు బిగించేటప్పుడు గొట్టం తిరగకుండా పట్టుకోవాలి, లేకపోతే పైన హారన్ బటన్ దగ్గర తీగలు మెలితిరుగుతాయి.

బుష్షు పోయిందని తేలినప్పుడు మన ప్రాంతంలో ఉన్న ఒక వసతి గురించి చెప్పాలి. విదేశాల్లో పాత కార్లవాళ్లు తయారై వచ్చే సామాను కోసం ఎదురుచూస్తారు. మనకు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లేత్ పని తెలిసిన చేతులున్నాయి. లారీలకు, ట్రాక్టర్లకు గన్‌మెటల్ బుష్షులు కోసి కూర్చోబెట్టడం అక్కడ రోజువారీ పని. మంచి టర్నర్ మొదట అడిగేది షాఫ్టు కూడా తెచ్చారా అని. అలా అడిగాడంటే పని తెలిసినవాడనే లెక్క. ఎందుకంటే బుష్షు బాక్సులోకి దిగాక కాస్త ముడుచుకుంటుంది. దాన్ని ఆ బండి షాఫ్టు కొలతకే రీమర్‌తో సాపు చెయ్యాలి. రెండు బుష్షులుంటే పొడుగు రీమర్‌తో రెండింటినీ ఒకేసారి, ఒకే గీత మీద చెయ్యాలి. విడివిడిగా చేస్తే షాఫ్టు ఒక చివర బిగుసుకుని, రెండో చివర వదులుగా ఉంటుంది. రెండు మూడు వెయ్యోవంతుల అంగుళం ఖాళీ ఉంటే సరిపోతుంది. అంతకన్నా బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి రాదు.

బుష్షు కొత్తదైనా షాఫ్టు పాతదే. ఏళ్ల తరబడి సీలు పెదవి రాసుకున్న చోట దాని మీద సన్నని గాడి పడి ఉంటుంది. వానల్లో నిలిపి ఉంచిన బండైతే తుప్పు చుక్కలు కూడా ఉంటాయి. గోరు పెట్టి గీస్తే తట్టుకుంటుంది. తట్టుకుంటే కొత్త సీలు అక్కడ పనిచెయ్యదు. దీనికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా తేలిక, సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కూర్చోబెట్టడం. చోటు ఉంటే పెదవి కొత్త నునుపు మీద పడుతుంది. రెండోది స్పీడీ స్లీవ్, అంటే షాఫ్టు మీద ఎక్కించే పల్చని స్టెయిన్‌లెస్ తొడుగు. ఎస్‌కేఎఫ్ చేసే ఈ తొడుగు మందం 0.28 మిల్లీమీటర్లే కాబట్టి సీలు సైజు మార్చక్కర్లేదు. మూడోది హార్డ్ క్రోమ్ వేయించి గ్రైండ్ చేయించడం. ఖర్చు ఎక్కువ, కానీ బుష్షు తిరిగే భాగం కూడా అరిగి ఉంటే అదొక్కటే సరైన పని.

సీలు ఎంపిక గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆ కాలపు బాక్సులకు బెండు, ఫెల్టు, తోలు లాంటివి వాడారు. వాటి చోట స్ప్రింగు ఉన్న నైట్రైల్ సీలు పడితే మేలే. సికిందరాబాద్ రాణీగంజ్ లాంటి బజారులో బండి పేరు చెప్పి సీలు అడిగితే దొరక్కపోవచ్చు; వెర్నియర్‌తో లోపలి కొలత, బయటి కొలత, మందం తీసుకెళ్తే దొరుకుతుంది. అంగుళాల బండికి దగ్గర్లో ఉందని మిల్లీమీటర్ల సీలు కొట్టి కూర్చోబెట్టడం మాత్రం వద్దు. స్ప్రింగు ఆయిల్‌వైపు ఉండాలి. షాఫ్టు చివర పళ్ల మీదుగా సీలు ఎక్కించేటప్పుడు పళ్లకు టేపు చుట్టాలి. లేకపోతే పెదవి అక్కడే కోసుకుపోతుంది. బండి ఇల్లు చేరేలోగా లీకు మళ్లీ మొదలవుతుంది.

డ్రాప్ ఆర్మ్ తీయడానికి పుల్లర్ ఉండాల్సిందే. సుత్తితో ఆర్మ్‌ను బాదితే ఆ దెబ్బ షాఫ్టు గుండా పోయి వార్మ్ గాడి మీదా, రోలర్ మీదా పడుతుంది. లీకు ఆపబోయి స్టీరింగ్‌నే పాడుచేసుకోవడం అలాగే జరుగుతుంది. తీసే ముందు ఆర్మ్ మీదా, షాఫ్టు మీదా కలిపి సుత్తి-ఉలితో కాక సన్నని పెయింటు గీతతో గుర్తు పెట్టుకోవాలి.

ప్యాకింగుల విషయం సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన చోటుగా కనిపిస్తుంది. చాలా బాక్సుల్లో చివరి మూత కింద ఉండే పల్చని కాగితాలు, రేకులు లీకు ఆపడానికి మాత్రమే పెట్టినవి కావు. వార్మ్ బేరింగులు ఎంత బిగువుగా కూర్చోవాలో నిర్ణయించేవి కూడా అవే. జీపు రాస్ బాక్సులో ఆ షిమ్ములు కాలమ్‌వైపు మూత కింద ఉంటాయి. అక్కడ ఆయిల్ ఊరుతోందని మందపాటి ప్యాకింగ్ కోసి వేస్తే లీకు ఆగుతుంది, కానీ వార్మ్ ముందుకూ వెనక్కూ ఆడుతుంది. స్టీరింగ్‌లో ప్లే పెరుగుతుంది. పాతవి చిరిగాయని రెండు తీసేసి సిలికోన్ పేస్టు పూస్తే బేరింగులు బిగుసుకుని గుంటలు పడతాయి. పైగా ఎక్కువ పూసిన పేస్టు లోపలికి పిండుకుని, ముక్కలై ఆయిల్‌లో తిరుగుతుంది. విప్పినప్పుడు ఎన్ని షిమ్ములు, ఏ మందానివి ఉన్నాయో కొలిచి రాసుకుని, అంతే మందం తిరిగి వేసి, స్టీరింగ్ చక్రం నునుపుగా తిరుగుతోందా, పైకీ కిందకీ ఆడుతోందా చూసుకోవాలి. ఆ తర్వాతే రోలర్ బిగువు స్క్రూ జోలికి పోవాలి. ఆ స్క్రూను స్టీరింగ్ సరిగ్గా నడిమిన ఉన్నప్పుడే సరిచేయాలి. బండి నేరుగా పోయే స్థితిలో ఖాళీ అతి తక్కువగా, మలుపుల్లో కాస్త ఎక్కువగా ఉండేలా వార్మ్ గాడిని కోసి ఉంటారు. చక్రాన్ని ఒక పక్కకు పూర్తిగా తిప్పి ఉంచి ప్లే తీసేస్తే నడిమికి వచ్చేసరికి పట్టేస్తుంది.

ఆయిలా, గ్రీజా అన్న వాదన ఎప్పటికీ తెగనిది. తయారీదారులు చాలావాటికి గేర్ ఆయిల్ చెప్పారు, సాధారణంగా 90 నంబరు. కారే బాక్సుకు 140 పొయ్యమని గ్యారేజీ సలహా. అందులో అర్థముంది. ఇప్పటి కొలతల ప్రకారం 100 డిగ్రీల వేడిలో 90 నంబరు ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య, 140ది 24 నుంచి 32.5 మధ్య ఉంటుంది. దాదాపు రెట్టింపు చిక్కన. మన ఎండలకు 140 వల్ల నష్టమేమీ లేదు, కారే వేగం తగ్గుతుంది. నంబరు కన్నా డబ్బా మీద జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా చూడడం ముఖ్యం. జీఎల్-5 ఆయిళ్లలో తీవ్ర ఒత్తిడికి కలిపే గంధకపు రసాయనాలు ఎక్కువ. కొన్ని రకాలు కంచును తినేస్తాయి. కంచు బుష్షులున్న పాత బాక్సుకు జీఎల్-4 నిశ్చింత.

ఛాసిస్ గ్రీజు సంగతి వేరు. బేరింగులకు, షాకిళ్లకు కొట్టే 2 నంబరు గ్రీజును బాక్సు నిండా కూరడం వల్ల లీకు ఆగిన మాట నిజమే, ఆపడం ఆపుతుంది. కానీ తడి నేలలో బండిచక్రం గాడి చేసుకున్నట్టు, వార్మ్ ఆ గ్రీజులో తనకొక దారి కోసుకుంటుంది. కోసుకున్న గ్రీజు గోడల్లా అటూ ఇటూ నిలబడుతుంది, తిరిగి గాడిలోకి జారదు. పెట్టె నిండా గ్రీజున్నా, రాసుకునే రెండు లోహాల మధ్య ఏమీ ఉండదు. పై బేరింగుకైతే అసలు చేరదు. బయటికి ఒక్క బొట్టు కనిపించదు కాబట్టి యజమాని హాయిగా ఉంటాడు. లోపల వార్మ్ పొడిగా అరుగుతుంది. నాలుగు సలహాల్లో నేను గట్టిగా వద్దనేది ఇదే. కారే బాక్సు ఆయిల్ తగ్గిందని నేల మీద మచ్చ వేసి చెబుతుంది. గ్రీజు కూరిన బాక్సులో ఆ హెచ్చరిక కూడా ఉండదు.

ఈ రెండింటి నడుమ ఒక మధ్యే మార్గం ఉంది, పలుచని గ్రీజు. గ్రీజు గట్టిదనాన్ని ఎన్‌ఎల్‌జీఐ నంబరుతో చెబుతారు. ఒక ప్రమాణ శంకువు 25 డిగ్రీల వేడిలో అందులోకి ఎంత లోతు దిగుతుందో మిల్లీమీటరులో పదో వంతుల్లో కొలుస్తారు. 2 నంబరులో 265 నుంచి 295 దాకా, 0 నంబరులో 355 నుంచి 385, 00లో 400 నుంచి 430. ఈ 0, 00 గ్రీజులు కదిలిస్తే పలచబడతాయి, నిలిపితే చిక్కబడతాయి. వార్మ్ పక్కకు తోసినా మెల్లగా తిరిగి వచ్చి చేరతాయి. బుష్షు కొద్దిగానే అరిగి, బాక్సు విప్పడానికి ఇంకా సమయం ఉన్న బండికి ఇది మంచి ఉపాయం. పోసే ముందు పాత ఆయిల్ పూర్తిగా తీసేయాలి. పోసిన కొన్నాళ్లకు మూత తీసి, వార్మ్ తడిగానే ఉందా అని కళ్లతో చూడాలి. బుష్షు పూర్తిగా పోయిన బండికి 00 గ్రీజు కూడా కారుతుంది, కాస్త ఆలస్యంగా.

లీకు ఆపుతామని సీసాల్లో అమ్మే ద్రవాలు రబ్బరును ఉబ్బించి పనిచేస్తాయి. ముసలి రబ్బరు కొన్నాళ్లు సర్దుకుంటుంది, తర్వాత మెత్తబడి చెడుతుంది. తోలు సీలుకూ బెండు సీలుకూ వాటితో పని లేదు.

కారితే కారనీ అన్న మూడో ఆయన సలహాకు నేను సగం ఒప్పుకుంటాను. షాఫ్టు ఊగకుండా, ప్లే లేకుండా, వారానికి ఒకటి రెండు బొట్లు మాత్రమే పడుతుంటే, లెవెల్ చూసుకుంటూ నడుపుకోవచ్చు. ఆ బాక్సులు తయారైన రోజుల్లో లెవెల్ చూడడం మామూలు సర్వీసులో భాగం. కానీ ఆయిల్ పడే చోటు చూసుకోవాలి. కింద బ్రేకు గొట్టం ఉంటే దాని రబ్బరును ఆయిల్ ఉబ్బించేస్తుంది. డ్రమ్ములోకి చేరితే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. అలాంటి చోట చిన్న లీకు కూడా చిన్నది కాదు. ప్లే ఉండి లీకు కూడా ఉంటే మాత్రం బండిని ఆపి బాక్సు విప్పాల్సిందే.

ఇక పవర్ స్టీరింగ్ మార్పిడి. జీపుల్లో ఇది బాగా వ్యాపించింది. కొత్త బండి బాక్సు, పంపు తెచ్చి ఛాసిస్‌కు బ్రాకెట్లు వెల్డింగ్ చేస్తారు. తిప్పడం తేలికవుతుంది, కాదనను. కానీ స్టీరింగ్ దెబ్బలన్నీ ఆ వెల్డింగ్ మీద పడతాయి. లింకుల కోణాలు మారితే గుంతలో పడినప్పుడల్లా బండి పక్కకు తిరుగుతుంది. చట్టం మాట కూడా ఉంది. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు పెట్టింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ‘వీఏ’ అక్షరాలున్న నంబరు దక్కుతుంది. 1974 నాటి తొలి పద్మినిలు 2024లో ఆ వయసుకు వచ్చాయి. ఆ నంబరు కోరుకునేవాళ్లు అసలు బాక్సును పారేయకుండా బాగుచేయించుకోవడమే మంచిది. ఎప్పుడో మార్చేసినవాళ్లు కూడా తీసిన బాక్సును తుక్కుకు అమ్మకుండా, ఆయిల్ రాసి గుడ్డలో చుట్టి దాచుకోవాలి. పద్మినికైనా జీపుకైనా మంచి వార్మ్ దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. బుష్షు ఎక్కడైనా కోస్తారు గానీ, వార్మ్ గాడిని కోసి గట్టిపరిచి గ్రైండ్ చేయగల లేత్ షాపు ఊరికొకటి ఉండదు.

పనంతా అయ్యాక బండిని రోడ్డు మీదికి తీసే ముందు జాక్ మీద లేపి, స్టీరింగ్ చక్రాన్ని ఒక చివరి నుంచి రెండో చివరి దాకా మెల్లగా తిప్పి చూడాలి. నడిమిన కొద్దిపాటి బిగువు తెలియాలి, మరెక్కడా పట్టకూడదు. కిందికి దించి ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో మలుపు తిప్పి, చేతులు కాస్త సడలించాలి. చక్రం తనంతట తాను నేరుగా రావాలి. రాకపోతే రోలర్ స్క్రూ బిగువైనట్టు, లేదా బుష్షు పట్టినట్టు. డ్రాప్ ఆర్మ్ నట్టును కొన్ని రోజులు నడిపాక మళ్లీ ఒకసారి బిగించి, లాక్ వాషర్ మడత సరిగా ఉందో లేదో చూడాలి. అప్పుడే లెవెల్ ప్లగ్గు కూడా విప్పి చూడాలి, ఎందుకంటే కొత్తగా పోసిన ఆయిల్ పై బేరింగులోకి, మూలల్లోకి దిగాక మట్టం కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను లీకనుకుని మళ్లీ బాక్సు విప్పక్కర్లేదు.